రాత్రి ఒంటిగంట ఫోను: జపాన్ వెళ్లిన తెనాలి అమ్మాయి కేసు

ముందే చెప్పేస్తాను, ఈ కేసులో మొదటి నెలన్నర నేను తప్పు దారిలో ఉన్నాను. అంత పెద్ద తప్పేం కాదులే అని తోటి కౌన్సెలర్లు ఇద్దరు ముగ్గురు అన్నారు గానీ, నేనిచ్చిన సలహా వల్లే ఆ పిల్ల పరిస్థితి ఇంకొంచెం దిగజారింది. ఆ ముక్క దాచేసి మిగతాది రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు.

అమ్మాయి పేరు రాయను. వాళ్లింట్లో పాప అంటారు, నేనూ పాప అనే అంటాను. గుర్తుపట్టేలా ఉన్న కొన్ని వివరాలు మార్చాను. పాపనీ, అమ్మానాన్నల్నీ అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. నేను విజయవాడలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. నా దగ్గరికొచ్చేది ఎక్కువగా ఇంటర్ పిల్లలే, అంటే ర్యాంకుల టెన్షన్, హాస్టల్ బెంగ. ఎక్స్ఛేంజ్ మీద విదేశాలకెళ్లే హైస్కూల్ పిల్లలు ఏడాదికి ముగ్గురో నలుగురో వస్తారు, అది కూడా తెలిసినవాళ్ల ద్వారా.

ఎక్స్ఛేంజ్ అంటే ఏంటో చాలామందికి సరిగ్గా తెలీదు కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్లి నలుగురు తెలుగు కుర్రాళ్లతో రూమ్ తీసుకుని రైస్ కుక్కర్ పెట్టుకోవడం లాంటిది కాదిది. పదిహేను, పదహారు, పదిహేడేళ్ల పిల్లలు అక్కడి కుటుంబం ఇంట్లో, వాళ్ల పిల్లల్లా ఉండాలి. అక్కడి బడికే వెళ్లాలి. ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి మామూలుగా డబ్బులివ్వరు, వాళ్లు ఇష్టపడి పెట్టుకుంటారు. ఇద్దరి మధ్యా ఏదైనా తేడా వస్తే చూసుకోడానికి ఆ ఊళ్లో ఒక వాలంటీరు ఉంటారు. ఏఎఫ్ఎస్, రోటరీ లాంటి సంస్థలు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. ఏఎఫ్ఎస్ అయితే 1915లో యుద్ధంలో అంబులెన్సులు నడిపిన వాలంటీర్లతో మొదలై, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పిల్లల్ని దేశాలు మార్పించే పనిలోకి వచ్చింది. జపాన్ ప్రభుత్వం కూడా 2018లో ఆసియా కకెహాషి అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టి ఆసియా దేశాల హైస్కూల్ పిల్లల్ని తీసుకెళ్లింది, మన దేశం పిల్లలూ అందులో వెళ్లారు. పాప ఏ సంస్థ ద్వారా వెళ్లిందో చెప్పను. ఈ కథకి దాంతో పని లేదు.

పాప, పాప ఇల్లు

వెళ్లేనాటికి 16 ఏళ్లు. తెనాలి పక్కన ఊరు, తెనాలిలో చదువు, పదో తరగతిలో స్కూల్ ఫస్ట్. నాన్నది ఎరువులు, పురుగుమందుల కొట్టు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. నాయనమ్మ ఉంది. ఒక్కతే కూతురు. అనిమే, అంటే జపాన్ కార్టూన్లు, చూసి చూసి జపనీస్ లిపిలో హిరగానా అక్షరాలు 46, తర్వాత కతకానా అనే రెండో వరస కూడా సొంతంగా నేర్చేసుకుంది. పది అయ్యాక ఇంటర్‌లో చేరకుండా ఆగస్టు నుంచి మార్చి దాకా జపాన్ వెళ్తుందనేసరికి చుట్టాలందరూ ఒకటే మాట, "ఏడాది పోతుంది కదరా!" అని. పెదనాన్న అయితే, ఎంసెట్ కోచింగ్‌కి పంపించాల్సిన పిల్లని ఎక్కడికో తోలేస్తున్నావని తమ్ముడితో పది రోజులు మాట్లాడటం మానేశాడు. నాన్న ఒక్కడే పట్టుబట్టి పంపాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

నాగానో వైపు ఒక చిన్న పట్టణంలో దిగింది. చుట్టూ కొండలు, రైలు గంటకొకటి. ఇంట్లో ఓకాసాన్, అంటే అమ్మ, సూపర్ మార్కెట్లో కొన్ని గంటలు పనిచేస్తుంది. ఒతోసాన్, అంటే నాన్న, యంత్రాల విడిభాగాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఒక నాయనమ్మ, 13 ఏళ్ల కొడుకు. మన లెక్కలో చెప్పాలంటే అచ్చం పాప వాళ్లిల్లే, కాకపోతే ఒక తమ్ముడు ఎక్కువ.

మొదటి రెండు వారాలూ ఫొటోలే ఫొటోలు. యూనిఫాం వేసుకుని ఒకటి, సైకిలు మీద ఒకటి, ఆపిల్ తోటలో ఒకటి. అమ్మ అవన్నీ స్టేటస్ పెట్టింది, పెదనాన్నకి కనబడేలా.

నేను పొరబడిన చోటు

సెప్టెంబరు రెండోవారంలో అమ్మ ఫోన్ చేసింది. "మేడమ్ గారూ, పాప ఏడుస్తోందండీ, ఏమైందమ్మా అంటే ఏం లేదంటుంది" అని. వీడియోలో పాపతో మాట్లాడాను. కళ్లు వాచిపోయి ఉన్నాయి. క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లేదు, ఇంట్లో ఏం మాట్లాడాలో తెలీట్లేదు, తిండి సయించట్లేదు. నాకు వెంటనే పుస్తకం గుర్తొచ్చింది. కల్చర్ షాక్ అనే మాటని జనంలోకి తెచ్చినవాడు కాలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త, 1950లలో. మొదట హనీమూన్ దశ, తర్వాత చిరాకు, దిగులు, ఆపైన మెల్లగా సర్దుకోవడం. అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వే వాళ్లని అడిగి లిస్‌గార్డ్ అనే ఆయన 1955లో ఇంగ్లిష్ అక్షరం 'యు' లాంటి గీత గీశాడు, ముందు పైన, మధ్యలో కింద, మళ్లీ పైన. ఫొటోలు అయిపోయాయి, ఏడుపు మొదలైంది, కాబట్టి గీతలో పల్లం దగ్గరుందని నేను లెక్కేసుకున్నాను.

అమ్మకి చెప్పాను, "ఇది మామూలేనండీ, రెండు నెలల్లో తగ్గుతుంది. ఒంటరిగా ఉన్నాననే భావం రాకుండా రోజూ ఒకసారి వీడియో కాల్ చెయ్యండి, నాన్నగారు కూడా మాట్లాడితే మంచిది." ఇదీ నేనిచ్చిన సలహా. నిజానికి ఆ యు గీత అంత గట్టిదేం కాదని నాకు తెలుసు. న్యూజిలాండ్ వెళ్లిన జపాన్ విద్యార్థుల్నే దిగిన రోజు నుంచి ఏడాదిపాటు వెంటబడి చూసి, 1998లో కొలీన్ వార్డ్, ఆమె తోటివాళ్లు రాసిన పరిశోధన ఉంది, దాంట్లో హనీమూన్ కనబడలేదు. అన్నిటికంటే ఎక్కువ దిగులు దిగిన కొత్తలోనే కనబడింది. చదివాను, నోట్సు కూడా రాసుకున్నాను. అయినా ఎదురుగా పిల్ల ఏడుస్తుంటే చేతికి దగ్గర్లో ఉన్న గీతే దొరికింది.

అక్టోబరు మొదటివారం రెండో సెషన్. పరిస్థితి ఇంకా పాడైంది. తలనొప్పి, ఆకలి లేదు, "నేను వేస్ట్ మేడమ్" అంటోంది. డిప్రెషన్ ప్రశ్నావళి ఇస్తే 12 వచ్చింది, అంటే మధ్యస్థం. చనిపోవాలనే ఆలోచనలు, తనని తాను గాయపరుచుకోవడం గురించి సూటిగానే అడిగాను, అవేం లేవు. అవి ఉండుంటే ఈ కథ ఇలా నడిచేది కాదు. అక్కడే డాక్టరుకి చూపించి, వెనక్కి పిలిపించేదాకా వెళ్లేవాళ్లం. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడే కౌన్సెలర్లు మనలో ఉన్నారు. దయచేసి మొదటి రోజే అడగండి.

ఆ వారంలోనే పాప అనుమతితో అక్కడి వాలంటీరుతో మాట్లాడాను. రిటైరైన ఇంగ్లిష్ టీచరు, మెత్తని మనిషి. ఆవిడ చెప్పిన మాటలు వింటే వేరే అమ్మాయి గురించి మాట్లాడుతోందా అనిపించింది. పాప క్లాసులో నిద్రపోతోంది, టీచర్లు రెండుసార్లు చెప్పారు. ఇంటికి రాగానే గదిలోకెళ్లి పడుకుంటుంది, వంటలో చెయ్యి వెయ్యదు. రాత్రి అన్నం తినగానే మళ్లీ గదిలోకే. ఓకాసాన్ ఒక్క మాట అందట, "ఆ అమ్మాయికి మాతో ఉండటం ఇష్టం లేదేమో" అని. ఇల్లు మార్చే ఆలోచన కూడా నడుస్తోంది.

24 గంటల లెక్క

మూడో సెషన్‌లో భావాల గురించి అడగడం మానేశాను. "పాపా, నిన్న మంగళవారం కదా, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా టైములతో సహా చెప్పమ్మా" అన్నాను. కాగితం మీద రాసుకుంటూ పోయాను.

5:45కి లేవడం. 7 దాటగానే రైలు, అది తప్పితే మళ్లీ గంట. 8:30 నుంచి బడి. నాలుగున్నరకి ఇంటికి, వెంటనే పడక, ఏడింటికి ఓకాసాన్ లేపితే భోజనం. తర్వాత స్నానం. తర్వాత గదిలో మేలుకుని కూర్చోవడం. ఎందుకు మేలుకుని? "నాన్న ఫోన్ చేస్తారు కదా మేడమ్." నాన్న కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని ఫోన్ పట్టుకునేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. అంటే అక్కడ సరిగ్గా ఒంటిగంట. నాన్న, అమ్మ, నాయనమ్మ ముగ్గురూ మాట్లాడి పెట్టేసేసరికి ఒంటిగంటన్నర, మళ్లీ 5:45కి లేవడం.

అంటే రాత్రి నిద్ర నాలుగుంబావు గంటలు. ఆ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ చెప్తుంది. నెల రోజులుగా ఇదే వరస, ఎప్పట్నుంచి అంటే, "రోజూ ఒకసారి వీడియో కాల్" అని నేను చెప్పిన దగ్గర్నుంచి.

పెన్ను కింద పెట్టేసి కాసేపు ఊరుకున్నాను. తలనొప్పి, ఆకలి లేకపోవడం, క్లాసులో కునుకు, సాయంత్రం పడక, వంటింట్లోకి రాకపోవడం, దాంతో ఇంటివాళ్లు దూరం జరగడం, దాంతో పాపకి ఇంకా ఒంటరితనం, దాంతో రాత్రి ఫోన్లో ఇంకా ఎక్కువసేపు ఏడుపు. మొత్తం గొలుసు అంతా ఆ ఒంటిగంట దగ్గర మొదలవుతోంది. నిద్ర ఎన్ని గంటలని నేను రెండు సెషన్లలోనూ అడగలేదా అంటే, అడిగాను. "బానే పడుతుంది మేడమ్" అంది. నిజమే, పడటం బాగానే పడుతోంది, పడుకోడానికే టైము లేదు. అడిగిన తీరులోనే ఉంది లోపం.

మరి ఈ మాట నాన్నకెందుకు చెప్పలేదు? "నాన్న నా కోసం పెదనాన్నతో గొడవపడ్డారు కదా మేడమ్. రోజంతా కొట్లో నిలబడి వస్తారు. ఫోన్ చెయ్యొద్దని ఎలా చెప్పను?" అంది. నాన్నని అడిగితే, "పిల్ల మన ఫోన్ కోసం ఎదురుచూస్తుందని ఎంత అలిసిపోయినా చేస్తున్నానండీ" అన్నాడు. మూడున్నర గంటల తేడా సంగతి ఆయనకి తెలీక కాదు. పిల్ల ఎత్తుతోంది కాబట్టి మేలుకునే ఉంటుందనుకున్నాడు.

అమ్మని ఒప్పించడమే కష్టమైంది. రోజూ వద్దు, వారానికొకసారి అంటే, "అంటే పిల్లని వదిలెయ్యమంటారా?" అంది. ఆ కోపం నాకు తగలాల్సిందే, రోజూ చెయ్యమన్నది కూడా నేనే కాబట్టి. ఆఖరికి కుదిరిన ఒప్పందం ఇది: ఆదివారం ఇక్కడ ఉదయం ఏడున్నరకి వీడియో, అప్పుడక్కడ పదకొండు. నాన్న కొట్టు తెరవకముందే అయిపోతుంది. మధ్యలో వాట్సాప్‌లో ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు గొంతు రికార్డు చేసి పంపుకోవచ్చు, వెంటనే జవాబు అక్కర్లేదు. నాయనమ్మకి ఇది అందరికంటే బాగా నచ్చింది. అడ్డుతగిలేవాళ్లు లేకుండా ఆరేసి నిమిషాలు మాట్లాడి పంపేది.

పదిహేను రోజుల్లో తలనొప్పి పోయింది. సాయంత్రం పడక పోయింది. ఏడుపు మాత్రం పూర్తిగా పోలేదు, పోతుందని నేనూ అనుకోలేదు. కానీ ఇప్పుడు ఏడుపుకి కారణాలు విడివిడిగా కనబడటం మొదలైంది, ఒక్కోదాన్ని పట్టుకుని అడగొచ్చు.

అన్నం డబ్బా, కొబ్బరినూనె, కార్తీకమాసం

ఇక్కణ్ణుంచి నా పని మానసిక వైద్యం కంటే అత్తారింటికెళ్లిన పిల్లకి మేనత్త చెప్పే బుద్ధుల్లా తయారైంది, అందులో నామోషీ ఏం లేదు.

మొదటిది బెంతో, అంటే మధ్యాహ్నం అన్నం డబ్బా. ఓకాసాన్ ఐదున్నరకే లేచి కడుతుంది. సాయంత్రం రాగానే డబ్బా బ్యాగులోంచి తీసి వంటింటి సింకు దగ్గర పెట్టాలి, కడిగి పెడితే ఇంకా మంచిది. పాప చాలాసార్లు బ్యాగులోనే మర్చిపోయి నిద్రపోయింది, తెల్లారి ఓకాసాన్ అడిగి తీసుకుని కడిగేది. పైగా అందులో తియ్యటి గుడ్డట్టు పాపకి నచ్చక మిగిల్చేది. "ఆవిడేమైనా అందా?" అని అడిగితే, "ఏమీ అనలేదు మేడమ్, నవ్వేది" అంది. మన ఇంట్లో అన్నం డబ్బాలో మెతుకు మిగిలితే అమ్మ వీధి చివరిదాకా వినబడేలా కేకలేస్తుంది. కేకలెయ్యలేదంటే తప్పేం లేదన్నట్టే, ఇది మన పిల్లల లెక్క. ఓకాసాన్ మాత్రం నా వంట ఈ అమ్మాయికి పడట్లేదని లోపల కుమిలిపోతోంది.

రెండోది స్నానం. అక్కడ వేడినీళ్ల తొట్టి, దాన్ని ఒఫురో అంటారు, ఇంటిల్లిపాదికీ అదే నీళ్లు. బయటే సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, తర్వాత తొట్టిలో దిగి కాసేపు కూర్చుంటారు, నీళ్లు వదలకుండా పైన మూత పెట్టి వస్తారు. ఇదంతా ఓరియెంటేషన్‌లో చెప్పారు, పాప తప్పకుండా చేసింది. చెప్పనిదల్లా కొబ్బరినూనె సంగతి. శనివారం రాత్రి తలకి నూనె పట్టించుకుని, జుట్టు ముడేసుకోకుండా తొట్టిలో కూర్చుంది. తర్వాత దిగిన ఒతోసాన్‌కి నీళ్ల మీద తెట్టు. ఆ మర్నాటి నుంచి ఓకాసాన్ పాపని ఆఖర్న స్నానానికి వెళ్లమంది. ఎందుకో చెప్పలేదు. పాప దాన్ని అంటరానిదాన్ని చూసినట్టు చూశారని అనుకుంది, ఆ మాట నాతో చెప్పడానికి ఆరువారాలు పట్టింది. నెలసరి రోజుల్లో తొట్టిలో దిగొచ్చో లేదో ఎవర్ని అడగాలో తెలీక ఆ నాలుగు రోజులూ స్నానాల గదిలోకే వెళ్లకపోవడం, అది ఇంకో అపార్థం. దాన్ని వాలంటీరు ఒక్క నిమిషంలో తేల్చేసింది: ఆ రోజుల్లో బయట నీళ్లు పోసుకుని వచ్చెయ్, చాలామంది అదే చేస్తారు అని.

తెల్లన్నం సంగతి చూసి నేను నవ్వాను. పాప గిన్నెలో అన్నం మీద సూపు, కూర, ఊరగాయ అన్నీ వేసి కలిపేసేది. మనకి కలుపుకుంటేనే అన్నం. వాళ్లకి అన్నం తెల్లగా, విడిగా, దాని రుచి దానిదిగా ఉండాలి. ఒతోసాన్ వాళ్ల అన్నయ్య పొలంలో పండిన బియ్యమట అది. డెల్టా పిల్లకి బియ్యం గురించి నేర్పాల్సి వచ్చిందని పాప నాన్న తర్వాత పడీపడీ నవ్వాడు.

అసలు చిక్కంతా తిండి నియమాల దగ్గర. అప్లికేషన్‌లో "శాకాహారివా?" అని అడిగితే కాదని రాసింది, నిజమే, కోడి తింటారు, చేపలు తింటారు. కానీ శనివారం తినరు, కార్తీకమాసంలో తినరు. ఆ ఫారంలో శనివారానికి గడి ఎక్కడుంది? మామూలు రోజుల్లో చికెన్ తిన్న పిల్ల శనివారం వద్దంటుంటే వాళ్లకి అయోమయం. నవంబరులో కార్తీకం వచ్చేసరికి అమ్మ ఫోన్లో, "నెలంతా ముట్టకమ్మా" అంది. అక్కడ మీసో సూపు తాగినా అందులో ఎండుచేప పొట్టుతో కాచిన నీళ్లుంటాయి. మన ప్యాకెట్ల మీదుండే ఆకుపచ్చ చుక్క లాంటిది అక్కడ లేదు.

ఎలా చెప్పాలా అని తిప్పలు పడుతుంటే వాలంటీరే ఒక మాట అందించింది: షోజిన్. బౌద్ధ గుళ్లలో మాంసం, చేప లేకుండా వండే వంటని షోజిన్ ర్యోరి అంటారు. పాప ఆ మాట వాడి, ఈ నెల మా ఇంట్లో షోజిన్ నెల అని చెప్పగానే ఇంట్లో ముసలావిడ లేచి అల్మారాలోంచి కొంబు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు, ఎండు షీటాకే పుట్టగొడుగులు తీసి, నేను కాస్తాను సూపు అందట. పాప అమ్మతో కూడా బేరమాడి నెలంతా కాకుండా సోమవారాలు, శనివారాలు అని కుదుర్చుకున్నాం. ఆ ముసలావిడతో పాపకి చుట్టరికం ఆ సూపు గిన్నె దగ్గర మొదలైంది.

ఇద్దరి మొహమాటం

దీనంతట్నీ సంస్కృతుల తేడా అని రాసెయ్యొచ్చు. నేనలా అనుకోవట్లేదు. జపాన్‌లో ఎన్‌ర్యో అనే మాటుంది, ఎదుటివాళ్లకి ఇబ్బంది కలగకూడదని మనకి కావాల్సింది అడక్కుండా, మనకి నచ్చనిది చెప్పకుండా వెనక్కి తగ్గడం. మనకి అచ్చంగా అదే మాటుంది, మొహమాటం. ఒకే ఇంట్లో రెండు మొహమాటాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. "ఇంకొంచెం పెట్టనా?" అంటే వద్దనేది పాప. మన ఇంట్లో అయితే వద్దన్నాక కూడా రెండుసార్లు అడిగి వడ్డిస్తారు కదా, అందుకు. అక్కడ వద్దంటే వద్దనుకుని పక్కకి పెట్టేసేవాళ్లు. పిల్ల నెల రోజులు సగం ఆకలితో ఉంది. ఏ డచ్చి కుటుంబమో అయ్యుంటే మొదటి వారమే, "డబ్బా కడుగు, నూనె రాసుకుని తొట్టిలో దిగకు" అని మొహం మీదే చెప్పేసి ఉండేవాళ్లని నా అనుమానం.

పోలికల్లోనే ఇంకోటి ఉంది. జపాన్‌లో అవతలివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో "హాయ్, హాయ్" అంటూ ఉంటారు. జపనీస్‌లో ఆ మాటకి అర్థం అవుననే, కానీ ఇక్కడ అది అవునని కాదు, వింటున్నానని. మన ఊఁ కొట్టడమే. పాప దాన్ని రెండ్రోజుల్లో పట్టేసింది, ఎంత బాగా పట్టేసిందంటే ఏమీ అర్థం కాకపోయినా చక్కగా ఊఁ కొట్టేది, వాళ్లేమో అర్థమైందనుకుని ఇంకా చెప్పుకుంటూ పోయేవాళ్లు. దానికి తోడు నిజంగా సరేనన్నప్పుడు మనం తల అటూ ఇటూ వాలుస్తాం చూడండి, అది వాళ్లకి కాదన్నట్టు కనబడేది! "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనే వాక్యాన్ని జపనీస్‌లో రోజుకి కనీసం ఐదుసార్లు వాడాలని పాపకి హోమ్‌వర్క్ ఇచ్చాను. స్కూల్ ఫస్ట్ వచ్చిన పిల్లకి "అర్థం కాలేదు" అనడం ఎంత కష్టమో మన కార్పొరేట్ చదువులు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రోటరీ వాళ్లు కొత్త విద్యార్థికి 'మొదటి రాత్రి ప్రశ్నలు' అని ఒక పట్టిక ఇస్తారు, స్నానం ఎప్పుడు, బట్టలు ఎక్కడ వెయ్యాలి, ఫ్రిజ్‌లో ఏది తీసుకోవచ్చు లాంటివి. అలాంటిదే ఒకటి వాలంటీరూ నేనూ తయారుచేసి, నవంబరులో, అంటే వెళ్లిన మూడో నెలలో, ఇద్దరినీ కూర్చోబెట్టి చదివించాం. తొట్టి, నూనె సంగతి అక్కడ బయటపడింది. ఓకాసాన్ ఎర్రబడిపోయి పదిసార్లు క్షమాపణ చెప్పిందట, పాప పదకొండుసార్లు చెప్పిందట. ఇల్లు మార్చే మాట మళ్లీ రాలేదు.

బడి

బడి గురించి ఎక్కువ రాయను, అది పూర్తిగా చక్కబడలేదు కాబట్టి. ఇంటర్ మొదటి ఏడాది వయసు పిల్లలకి అక్కడ ప్రాచీన జపనీస్ కూడా ఉంటుంది, ఆ గంటంతా పాప కాంజీ, అంటే బొమ్మల్లాంటి జపనీస్ అక్షరాలు, కాపీ రాసుకుంటూ కూర్చునేది. లెక్కల క్లాసులో మాత్రం వర్గ సమీకరణాలు ఏ దేశంలోనైనా అవే కదా, బోర్డు మీద చేసి చూపించింది, పక్క బెంచీ అమ్మాయి అప్పట్నుంచి లెక్కల కోసం వచ్చేది. మధ్యాహ్నం క్లాసు ఊడ్చి తుడవడం పిల్లల పనే, అది పాపకి ఇష్టమైంది, మాట్లాడక్కర్లేదు కాబట్టి.

క్లబ్బు విషయంలో నేనే వద్దన్నాను, నిద్ర కుదుటపడేదాకా. నవంబరులో బ్యాడ్మింటన్ క్లబ్బులో చేరింది. ఆటేమీ పెద్దగా రాదు. అయితే నాగానో అంటే నొజోమి ఒకుహారా పుట్టిన ప్రాంతం. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధుతో 110 నిమిషాలు ఆడి గెలిచిన అమ్మాయి, 2019లో బాసెల్‌లో అదే సింధు చేతిలో 21-7, 21-7తో ఓడిన అమ్మాయి. పాప ఏ రాష్ట్రం నుంచొచ్చిందని అడిగితే ఎవరికీ ఆంధ్రా తెలీలేదు. "సింధు భాష మా భాషే" అంది. దెబ్బకి క్లబ్బంతా చుట్టూ చేరిందట. మొదటి నెలంతా షటిల్స్ ఏరడమే, ఏడాది పెద్దయినా సెంపాయ్, అంటే సీనియర్, అని వంగి దణ్ణం పెట్టడమే, అయినా ఆరింటిదాకా అక్కడుండి ఆకలేసి ఇంటికొచ్చేది. ఆకలేసి రావడం ఎంత పెద్ద మార్పో అక్టోబరు నోట్సు చూసుకుంటే నాకే తెలుస్తుంది.

నవంబరు చివర్లో అక్కడ నోజవానా అనే ఆకుకూరతో ఏడాదికి సరిపడా ఊరగాయ పెడతారు. చల్లటి నీళ్లలో కట్టలకి కట్టలు కడగాలి. పాప చేతులు మొద్దుబారిపోయేదాకా కడిగిందట, ఉప్పు కొలత దగ్గర ముసలావిడతో వాదన కూడా పెట్టుకుందట, "మా నాయనమ్మ ఆవకాయలో ఇంతకి ఇంత వేస్తుంది" అని. వాదన పెట్టుకుందని విన్నాక నేను సెషన్లు నెలకొకటికి తగ్గించాను. డిసెంబరులో డిప్రెషన్ ప్రశ్నావళి మళ్లీ ఇస్తే, అక్టోబరులో 12 ఉన్నది 5కి దిగింది.

జనవరిలో మళ్లీ పడింది. రాత్రుళ్లు సున్నా కింద పది దాకా వెళ్లే చలి, ఒక్క గదిలోనే హీటరు, కొటత్సు అనే వెచ్చటి బల్ల కింద కాళ్లు పెట్టుకుని అందరూ కూర్చుంటే తను మాత్రం సంక్రాంతి ముగ్గుల వీడియోలు చూస్తూ ఏడ్చింది. ఈసారి ముందు లెక్క అడిగాను: పడుకునేది ఎన్నింటికి, లేచేది ఎన్నింటికి, తిన్నదేంటి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే ఇది బెంగే, ఉత్త బెంగ. "ఏడవమ్మా" అన్నాను. పండగ మూడు రోజులూ ఏడ్చి, నాలుగో రోజు క్లబ్బుకి వెళ్లింది.

తిరిగొచ్చాక

మార్చిలో వచ్చింది. ఇంటర్‌లో చేరింది, చుట్టాలన్నట్టే ఏడాది వెనకబడింది, దాన్ని నేను లాభం కింద తిప్పి చెప్పదలుచుకోలేదు. క్లాసులో తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోవడం మొదట్లో బాధగానే ఉందని చెప్పింది. ఇంట్లో ఇంకో తమాషా. అమ్మ టీ ఇస్తే "థాంక్స్ అమ్మా" అందట, అమ్మకి కళ్లనీళ్లొచ్చాయి, "పరాయిదాన్లా థాంక్సేంటే?" అని. అన్నం తిన్నాక కంచం తనే కడిగేస్తుంటే నాయనమ్మ, "పిల్లని అక్కడ పనిమనిషిని చేశారు" అని వీధంతా చెప్పుకొచ్చింది. సర్ది చెప్పడానికి నాకు రెండు సెషన్లు పట్టింది, అందులో ఒకటి నాయనమ్మతో.

నా ఫారం మార్చుకున్నాను. మొదటి పేజీలో ఇప్పుడు మనసు గురించి ఏమీ ఉండదు. అక్కడ టైమెంత, ఇక్కడ టైమెంత, ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తారు, రాత్రి ఎన్నింటికి పడుకుంటావ్, ఏ ఏ వారాల్లో ఏం తినవ్, తలకి నూనె ఎప్పుడు రాసుకుంటావ్. మనసు రెండో పేజీలో మొదలవుతుంది, చనిపోవాలనే ఆలోచనల ప్రశ్న దాని మొదటి గడిలో ఉంటుంది.

మొన్న గుంటూరు నుంచి ఒకావిడ వచ్చింది, కొడుకు జర్మనీ వెళ్తున్నాడట, పాప వాళ్లమ్మే పంపించింది. కూర్చోగానే నేనేమీ అడక్కముందే ఆవిడ చెప్పింది, "ఆవిడ మిమ్మల్ని కలిసే ముందు ఒకటి కనుక్కుని వెళ్లమందండీ. మా ఆయన డ్యూటీ దిగేది ఎనిమిదింటికి. జర్మనీలో అప్పుడు ఎంతవుతుంది?"